కుట్లు వేయని సర్జన్

ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలిందని వినగానే మనవాళ్ళు ముందుగా అడిగేది "కుట్లెన్ని పడ్డాయి?" అని. ఐదంటే ఒక లెక్క, ఇరవై అంటే ఇంకో లెక్క. కుట్లు పడ్డాయంటే డాక్టరు చేయాల్సింది చేసేశాడు, ఇక మానడమే మిగిలిందని మన నమ్మకం. అందుకే తుపాకి గుండు తగిలిన జవానును చూడ్డానికి మిలటరీ ఆసుపత్రికి వెళ్ళిన ఇంటివాళ్ళు మొదట బిత్తరపోతారు. ఆపరేషన్ అయిపోయిందంటారు. చూస్తే కాలి ఎముకలోకి స్టీలు పిన్నులు దిగి ఉంటాయి, వాటిని కలుపుతూ బయట ఒక కడ్డీ ఉంటుంది. గాయం మాత్రం నోరు తెరుచుకునే ఉంటుంది. లోపల వదులుగా పరిచిన గాజుగుడ్డ, పైన దళసరి కట్టు. ఒక్క కుట్టు కూడా కనపడదు.

డాక్టరుకు తీరిక లేక కాదు. యుద్ధంలో తగిలిన గాయాన్ని మొదటి రోజు కుట్టకూడదన్నది సైనిక శస్త్రవైద్యంలో రక్తం ధారపోసి నేర్చుకున్న నియమం. ఊళ్ళో ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు వచ్చే పేరంతా విరిగినదాన్ని ఎంత త్వరగా, ఎంత చక్కగా అతికించాడన్న దాన్ని బట్టే. ప్లేటు వేయాలి, స్క్రూలు బిగించాలి, చర్మం మూయాలి, ఎక్స్‌రే చూపించాలి. అదే డాక్టరు యూనిఫాం వేసుకుని సరిహద్దు దగ్గరి ఆసుపత్రికి చేరాక, అలవాటుపడ్డ చేతిని ఆపుకోవడం నేర్చుకోవాలి. ఇవాళ ఏది చేయకూడదో, రేపటికి ఏది వదలాలో, నెల తర్వాత ఎవరు ఏది చేయాలో తెలియడమే అక్కడ అసలు విద్య.

గుండు ఒంట్లో చేసే పని చూస్తే ఇది అర్థమవుతుంది. మన సినిమాల్లో గుండు తగిలితే చిన్న చిల్లు పడుతుంది. డాక్టరు పట్టకారుతో దాన్ని లాగి పళ్ళెంలో టంగుమని వేస్తాడు, హీరో బతికిపోతాడు. నిజానికి గుండు తీయడం చాలాసార్లు అసలు పనే కాదు. అది కీలులో ఇరుక్కుంటేనో, నరాన్ని ఒత్తుతుంటేనో తప్ప సర్జన్లు దాని జోలికి పోరు. వాళ్ళకు దిగులంతా అది వచ్చిన దారి గురించే. కదిలే వస్తువుకుండే శక్తి బరువు పెరిగితే అంతే పెరుగుతుంది, వేగం పెరిగితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మామూలు 9 మిల్లీమీటర్ల పిస్తోలు గుండు ఎనిమిది గ్రాముల దాకా ఉంటుంది, సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో పోతుంది. ఏకే-47 గుండు బరువూ ఇంచుమించు అంతే, వేగం మాత్రం 700 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే ఒంటికి దిగే శక్తి నాలుగు రెట్లవుతుంది. సుమారు 500 జౌళ్ళు ఉండాల్సింది 2,000 దాకా పోతుంది.

ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గుండు దూసుకుపోతూ ఇరుపక్కలా కండను ఎగదోస్తుంది. కొన్ని మిల్లీసెకన్ల పాటు గుండు మందానికి ఎన్నో రెట్ల వెడల్పున లోపల ఖాళీ ఏర్పడి, తిరిగి మూసుకుంటుంది. ఆ క్షణంలో అక్కడ గాలి ఒత్తిడి పడిపోతుంది కాబట్టి ప్యాంటు పోగులు, మట్టి, చర్మం మీది క్రిములు లోపలికి లాక్కుపోతాయి. దారిలో ఎముక అడ్డొస్తే అది ముక్కలై, ఒక్కో ముక్కా మరో చిన్న గుండై కండలోకి చొచ్చుకుపోతుంది. బయట కనిపించేది వేలు పట్టేంత చిల్లే, లోపల జానెడు మేర కండ చచ్చి ఉండొచ్చు. ఎంత మేర చచ్చిందో మొదటి రోజున ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కుట్లు వేయకపోవడానికి ఉన్న కారణాల్లో సగం ఇదే.

ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ చేసే పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతాడు. చర్మాన్ని కాలి పొడవునా కోసి గాయాన్ని ఉన్నదానికంటే పెద్దది చేస్తాడు. కండను చుట్టి ఉండే గట్టి తెల్లని పొరను ఇంకా పొడవుగా చీలుస్తాడు. ఆ తర్వాత కండను చిన్న చిన్న భాగాలుగా పరీక్షిస్తాడు. రంగు ఎర్రగా ఉందా, వంకాయ రంగుకు తిరిగిందా? పట్టుకుంటే బిగువుగా ఉందా, మెత్తగా చిదికిపోతోందా? ఫోర్‌సెప్స్‌తో గిల్లితే ముడుచుకుంటోందా? కోస్తే రక్తం చిమ్ముతోందా? నాలుగింటికీ జవాబు సరిగా రాని కండను కోసి పారేయాల్సిందే. ఏ కండా అంటుకోకుండా విడిగా తేలుతున్న ఎముక ముక్కల్ని తీసేస్తాడు, కండను పట్టుకుని ఉన్నవాటిని ఉంచుతాడు. చర్మం విషయంలో మాత్రం పరమ పిసినారిగా ఉంటాడు. అటో ఇటో తేలని కండ మీద తీర్పు వాయిదా వేసి, రెండు రోజుల తర్వాత మళ్ళీ థియేటర్‌కు తెచ్చి చూస్తాడు. అంతా ఎర్రగా, శుభ్రంగా ఉంటే నాలుగో రోజు తర్వాతో, వారం లోపో గాయం మూస్తారు, లేదా తొడ చర్మం తీసి అతుకుతారు.

ఈ పద్ధతి ఒక్కరోజులో రాలేదు. 1537లో ట్యూరిన్ ముట్టడిలో తుపాకి గాయాల మీద మరిగే నూనె పోయడమే వైద్యం. ఆ నూనె అయిపోవడంతో ఆంబ్రోయిజ్ పారే అనే ఫ్రెంచి కుర్ర సర్జన్ గత్యంతరం లేక గుడ్డు సొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి పూశాడు. తెల్లారి చూస్తే నూనె పోసిన వాళ్ళు జ్వరంతో, వాపుతో అల్లాడుతున్నారు, లేపనం పూసినవాళ్ళు హాయిగా నిద్రపోయారు. ఇక నూనె ముట్టనని పారే ఒట్టేసుకున్నాడు. మందు తక్కువైతే రోగికి మేలు జరగడం వైద్యచరిత్రలో అదే మొదటిసారి కాదు, చివరిసారీ కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటిష్ సర్జన్లు దీనికి ఎదురు తప్పు చేశారు. అంతకుముందు దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో పొడి నేలల మీద తగిలిన రైఫిల్ గాయాలు పైపై కట్టుతోనే మానిపోయేవి. ఆ ధీమాతో ఫ్రాన్స్‌కు, బెల్జియంకు వచ్చారు. అక్కడివేమో తరతరాలుగా పశువుల ఎరువు తిన్న పొలాలు. ఆ మట్టిలో క్లోస్ట్రీడియం జాతి క్రిములు కోకొల్లలు. వాటికి ఆక్సిజన్ గిట్టదు. చచ్చిన కండను లోపలే పెట్టి పైన కుట్టేస్తే వాటికి కావలసిందంతా మనమే అమర్చి పెట్టినట్టు. గ్యాస్ గ్యాంగ్రీన్ వచ్చి కండలో బుడగలు లేచి, ఒకటి రెండు రోజుల్లో మనిషి పోయేవాడు. తర్వాత పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అప్పుడు బూలోన్‌లోని సైనిక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాడు. గాయంలోని మూలమూలల్ని పోలిన ముళ్ళున్న గాజు గొట్టం తయారుచేసి, పైనుంచి పోసే క్రిమిసంహారకాలు ఆ సందుల్లోకి చేరవనీ, రక్షించే తెల్లకణాల్నే ముందు చంపుతాయనీ చూపించాడు. చచ్చిన కండను కోసి తీసి, గాయాన్ని తెరిచి ఉంచడం తప్ప దారి లేదని యుద్ధం ముగిసేనాటికి అందరూ ఒప్పుకున్నారు. విచిత్రం ఏమిటంటే ఆ తర్వాతి యుద్ధాల్లోనూ కొత్తగా వచ్చిన సర్జన్లు మొదటి నెలల్లో కుట్లు వేసి, చీము చూసి, అదే పాఠం మళ్ళీ నేర్చుకుంటూ వచ్చారు.

మందుపాతర గాయం ఇంకా మోసకారి. కాలు మోపగానే పేలే చిన్న మైన్ పాదాన్ని తీసుకుపోతుంది, అది అందరికీ కనిపిస్తుంది. పేలుడు గాలి పిక్క కండల్ని ఎముక నుంచి విడదీసి గొడుగు విప్పినట్టు పైకి విప్పుతుందనీ, మట్టి, బూటు తోలు, పాదం ఎముకల పొడి ఆ సందుల్లోకి ఎగదన్నాక మళ్ళీ మూస్తుందనీ యుద్ధ సర్జన్లు చెబుతారు. చర్మం చీలమండ దగ్గరే తెగినట్టుంటుంది, మురికి మోకాలి దాకా పోయి ఉంటుంది. కంటికి కనిపించిన చోట కోసి కుట్టేస్తే వారం తిరక్కుండా మోకాలి పైన కోయాల్సి వస్తుంది. మోకాలు దక్కడానికీ పోవడానికీ తేడా ఎంతో తర్వాత చెబుతాను.

ఇక తొడ ఎముక. ఒంట్లో అన్నిటికంటే పెద్ద ఎముక ఇదే. విరిగితే బయట చుక్క రక్తం కనపడకపోయినా తొడ లోపలే లీటరు, లీటరున్నర పోతుంది. ఒంట్లో ఉన్నదే ఐదు లీటర్లు. చుట్టూ ఉన్న బలమైన కండలు విరిగిన ముక్కల్ని పైకి లాగడంతో కాలు పొట్టిదై తొడ గుండ్రంగా ఉబ్బుతుంది. పైతొడుగు అంతే ఉన్నా, పొడవాటి స్తంభాకారం కంటే గోళాకారంలో ఎక్కువ ద్రవం పడుతుందన్నది హైస్కూలు లెక్క. అంటే కాలు పొట్టిదైన కొద్దీ లోపల కారడానికి రక్తానికి చోటు పెరుగుతుంది. కాలును పట్టి లాగి పొడవుగా ఉంచితే ఆ చోటు తగ్గిపోయి, చుట్టూ కండే బిగుసుకుని రక్తాన్ని అదుముతుంది. విరిగిన కొనలు కదిలి కొత్త రక్తనాళాల్ని కోయడమూ ఆగుతుంది.

దీనికి పనికొచ్చే పరికరాన్ని హ్యూ ఓవెన్ థామస్ యుద్ధం కోసం చేయలేదు. ఆయన 1834లో పుట్టాడు. మనకు పుత్తూరు కట్టు కట్టేవాళ్ళున్నట్టే, వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో ఎముకలు కట్టే వంశం వాళ్ళది. తండ్రికి డిగ్రీ లేదు, డాక్టర్లతో ఎప్పుడూ తగువులే. కొడుకు మాత్రం వైద్యం చదివి లివర్‌పూల్‌లో ఓడరేవు కూలీలకు వైద్యం చేశాడు. తొడ మొదట తోలు చుట్టిన ఇనుప రింగు, దానికి రెండు కడ్డీలు, పాదం కట్టి లాగడానికి చివర వంపు. మోకాలి క్షయకు విశ్రాంతినివ్వడానికి చేసిన ఆ బద్దను ఆయన బతికుండగా పెద్ద డాక్టర్లు పట్టించుకోలేదు. ఆయన 1891లో పోయాడు. భార్య వైపు మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కు తీసుకెళ్ళాడు. చీకట్లో, కళ్ళకు గంతలు కట్టుకుని కూడా కట్టగలిగేలా స్ట్రెచర్ మోసేవాళ్ళకు తర్ఫీదు ఇచ్చారు. గాయంతో పాటు తొడ విరిగినవాళ్ళలో మొదట్లో 80 శాతం దాకా చనిపోయేవారనీ, యుద్ధం చివరికి అది 20 శాతం దరిదాపులకు దిగిందనీ ఆనాటి లెక్క. ఆ 80 మరీ ఎక్కువ చేసి చెప్పిందని తర్వాత వాదించినవాళ్ళున్నారు. ఎంత తగ్గించి చూసినా, రెండు ఇనుప కడ్డీలు ఇన్ని ప్రాణాలు నిలబెట్టిన ఉదాహరణ శస్త్రవైద్యంలో అరుదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల ఎముకల వార్డుల్లో థామస్ స్ప్లింట్ ఇవాళ్టికీ ఓ మూల కనబడుతూనే ఉంటుంది.

ఎముకల సర్జన్లకు సైన్యం ఇచ్చినవి ఇంకా ఉన్నాయి. పిండి కట్టు అని మనం పిలిచే ప్లాస్టర్ పట్టీని 1851లో తయారుచేసింది డచ్చి సైనిక వైద్యుడు మాథైసెన్. దాన్ని క్రిమియా యుద్ధంలో పెద్ద ఎత్తున వాడింది రష్యన్ సర్జన్ పిరగోవ్. రోంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టిన రెండేళ్ళకే, 1897-98లో అప్పటి మన వాయవ్య సరిహద్దులోని తిరాహ్ దండయాత్రలో గుండ్లు ఎక్కడున్నాయో వెతకడానికి ఎక్స్‌రే యంత్రం తీసుకెళ్ళారు. తొడ ఎముకలో వేసే రాడ్డును జర్మన్ సర్జన్ క్యుంట్‌షర్ 1939లో మొదలుపెట్టాడు. జర్మనీలో ఖైదుగా ఉండి ఇంటికి తిరిగొచ్చిన సైనికుల తొడల్లో ఆ రాడ్డును ఎక్స్‌రేలో చూసి అవతలి దేశాల డాక్టర్లు నోరెళ్ళబెట్టారు.

అంత మంచి రాడ్డు చేతిలో ఉండగా సైనిక సర్జన్ మొదటి రోజే ఎందుకు వేయడు? రక్తం బాగా పోయిన మనిషి ఒళ్ళు చల్లబడుతుంది. చల్లబడితే రక్తం గడ్డకట్టదు. రక్తం అందని కండల్లో ఆమ్లం పేరుకుంటుంది, ఆమ్లం పెరిగితే గడ్డకట్టడం ఇంకా మందగిస్తుంది. మూడూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఆ స్థితిలో మూడు గంటల ఆపరేషన్ పెట్టుకుని, తొడ ఎముక గుల్లను తొలిచి రాడ్డు దింపితే మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఎక్స్‌రేలో ఎముక అద్భుతంగా కనిపిస్తుంది, పేషెంటు ఐసీయూలో పోతాడు. అందుకని మొదటి మకాంలో చేసే పని చాలా తక్కువ. రక్తం ఆపాలి, మురికి తీయాలి, పిన్నులూ కడ్డీతో ఎముకను బయటి నుంచి నిలబెట్టాలి, వెచ్చగా ఉంచాలి, వెనక్కి పంపాలి. పిన్నుల పనికి అరగంట చాలు.

వెనక్కి పంపడానికి మన సైన్యంలో మెట్లున్నాయి. పోస్టుకు దగ్గరలో రెజిమెంటల్ ఎయిడ్ పోస్టు ఉంటుంది, అక్కడుండేది ఎంబీబీఎస్ చేసిన కుర్ర డాక్టరు. దాని వెనక డ్రెస్సింగ్ స్టేషన్, ఆ తర్వాత సర్జనూ మత్తు డాక్టరూ ఉండే ముందు వరస సర్జికల్ కేంద్రం, అటుపైన శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్ వంటివి, చివరగా చండీమందిర్, ఉధంపూర్ కమాండ్ ఆసుపత్రులు, ఢిల్లీ ఆర్మీ హాస్పిటల్. ఒకే కాలికి నలుగురు సర్జన్లు నాలుగు చోట్ల పనిచేస్తారు. మొదటివాడు తన పనితనం చూపించుకోవాలని అంతా చేసేస్తే తర్వాతి ముగ్గురూ దాన్ని విప్పుకుంటూ కూర్చోవాలి. కొత్త గాయం మీద ప్లాస్టర్ చుట్టూ వేస్తే, హెలికాప్టర్ దిగేలోపే కాలు వాచి రక్తం ఆగిపోవచ్చు. అందుకే వేసిన ప్లాస్టర్‌ను చివరి దూది పోగు దాకా చీల్చి పంపాలన్నది రూలు. ప్లాస్టర్ మీదే గాయం బొమ్మ గీసి, ఏం చేశారో, ఏ తేదీన చేశారో రాసి పంపడం యుద్ధకాలాల్లో ఉన్న అలవాటు. కాగితాలు పోతాయి, కాలు పోదు కదా!

పిక్క కండలు నాలుగు బిగుతైన గదుల్లో ఉంటాయి. రక్తం ఆగి మళ్ళీ పారినప్పుడు ఆ గదుల్లో వాపు పుట్టి, ఒత్తిడి పెరిగి, ఐదారు గంటల్లో కండ చచ్చిపోతుంది. పాదంలో నాడి అందుతూనే ఉంటుంది, కాబట్టి కొత్తవాళ్ళు మోసపోతారు. బొటనవేలిని నెమ్మదిగా వంచితే జవాను కెవ్వుమంటాడు, అసలు గుర్తు అదే. పిక్కకు ఇరుపక్కలా మోకాలి నుంచి చీలమండ దాకా కోసి నాలుగు గదులూ తెరిచేయాలి. ఆ కోతలూ కుట్టరు. దూర ప్రయాణం ముందుంటే అనుమానం ఉన్నా చాలు, కోసే పంపుతారు.

రక్తనాళాల విషయంలో మాత్రం ఆగడం పనికిరాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలి పెద్ద ధమని తెగితే ముడివేసేవారు, అలాంటి కాళ్ళూ చేతుల్లో సుమారు సగం తీసేయాల్సి వచ్చింది. కొరియా యుద్ధంలో నాళాన్ని నాళంతో కుట్టడం మొదలయ్యాక అది 13 శాతానికి దిగింది. హెలికాప్టర్ల వల్ల గాయపడ్డవాళ్ళు గంటల్లో సర్జన్ దగ్గరికి చేరడమూ దానికి కారణమే. ఆ యుద్ధంలో లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన మన 60వ పారాషూట్ ఫీల్డ్ అంబులెన్స్ కూడా పనిచేసింది. 1951 మార్చిలో అమెరికా దళాలతో పాటు మన వైద్య సిబ్బంది కూడా పారాషూట్లు కట్టుకుని దూకారు.

కాలు తీయడం ఎప్పుడు? సర్జన్లు రాత్రంతా తేల్చుకోలేనిది ఇదే. నెపోలియన్ సర్జన్ లారే 1812లో బొరొదినో దగ్గర ఒక్క రోజులో 200 దాకా కాళ్ళూ చేతులూ కోశాడంటారు. యాంటీబయోటిక్స్ లేని రోజుల్లో అదే దయ. ఇప్పుడు ఇద్దరు సర్జన్లు చూసి, ఇద్దరూ ఒప్పుకున్నాకే తీయాలన్న పద్ధతి పాటిస్తారు. 1971 యుద్ధంలో సిల్హెట్ దగ్గర గోర్ఖా అధికారి ఇయాన్ కార్డోజో మైన్ మీద కాలు పెట్టాడు. మార్ఫిన్ లేదు, డాక్టరు లేడు. చిదికిన కాలిని తన ఖుక్రీతో తనే తెగ్గొట్టుకున్నాడు. తర్వాత సరిగ్గా ఆపరేషన్ చేసింది బందీగా దొరికిన పాకిస్తానీ సైనిక సర్జన్ మేజర్ మొహమ్మద్ బషీర్. యూనిఫాం చూసి కాదు, గాయం చూసి వరస నిర్ణయించాలని 1949 జెనీవా ఒప్పందం చెబుతుంది. ఇక్కడ అది తిరగబడి, శత్రువు చేతి కత్తి కింద పడుకునే ధైర్యం పేషెంటుకు కావలసి వచ్చింది. మొదట కార్డోజో ఒప్పుకోలేదట, పై అధికారి నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆయన కృత్రిమ కాలుతోనే పరీక్షలు నెగ్గి, బెటాలియన్‌ను నడిపి, మేజర్ జనరల్‌గా రిటైరయ్యాడు.

సియాచిన్‌లో శత్రువు వేరు. 1984 నుంచి మన జవాన్లు 18,000 అడుగుల పైన కాపలా కాస్తున్నారు. అక్కడి చలికి వేళ్ళలో నీరు గడ్డకట్టి, కణాల్ని చీల్చి, సన్న నాళాల్లో రక్తం గడ్డలు కడుతుంది. మంచుకాటు తిన్న పాదాన్ని 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అరగంట దాకా ఉంచి కరిగించాలి. మంట దగ్గర కాచకూడదు, రుద్దకూడదు. కిందికి దించేలోపు మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఉంటే కరిగించనే కూడదు, రెండోసారి గడ్డకడితే నష్టం మరింత ఎక్కువ. వారానికి వేళ్ళు బొగ్గులా నల్లబడతాయి. తీసేయమని అందరికీ అనిపిస్తుంది, ఇంటివాళ్ళయితే గోల పెడతారు. "జనవరిలో కొరికితే జూలైలో కొయ్యి" అని పాత సర్జన్ల మాట. నల్లటి తొడుగు కింద బతికున్న కండ ఉండొచ్చు. బతికినదానికీ చచ్చినదానికీ మధ్య గీత తేలడానికి వారాలు, నెలలు పడుతుంది. తడిసి చీము పడితే వెంటనే కోయాలి, పొడిగా ఉంటే కాచుకోవాలి. కాచుకున్న సర్జన్ పాదం సగం తీయాల్సిన చోట రెండు వేళ్ళ కొనలతో సరిపెడతాడు. డాప్లర్, బోన్ స్కాన్ లాంటివి ఆ గీతను కొంత ముందుగా చూపిస్తున్నాయి, గడ్డల్ని కరిగించే మందులు మొదటి రోజు అందితే వేళ్ళు దక్కుతున్నాయి. హిమనదం మీద నుంచి మొదటి రోజే కిందికి దించడమే కష్టం.

ఇంతా చెబితే సైనిక ఎముకల డాక్టరు రోజూ గుండ్లతోనే గడుపుతాడని అనుకుంటారు. సికింద్రాబాద్ మిలటరీ ఆసుపత్రిలోనో, విశాఖ నేవీ ఆసుపత్రి కల్యాణిలోనో ఉదయం ఓపీకి వెళ్ళి చూస్తే నడుం నొప్పులు, ఫుట్‌బాల్‌లో తెగిన మోకాలి లిగమెంట్లు, జవాన్ల తల్లుల కీళ్ళ అరుగుదల, రిక్రూట్ల కాలినొప్పులు. వీటిలో రిక్రూట్ కాలినొప్పి కథ ముచ్చటైనది. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసే కుర్రాళ్ళ పాదాలు దెబ్బ తగలకుండానే వాయడం గమనించి రాశాడు. అవి సన్నటి ఎముక పగుళ్ళని ఎక్స్‌రే వచ్చాక గానీ తెలియలేదు. ఎముక బతికున్న పదార్థం. కొత్త బరువు పడితే ముందు పాతదాన్ని తొలుచుకుని, తర్వాత కొత్తది పోసుకుంటుంది. తొలవడానికి మూడు వారాలు చాలు, పూడ్చడానికి మూడు నెలలు కావాలి. ట్రైనింగ్ మొదలైన మూడు నాలుగు వారాలకు, కుర్రాడు గట్టిపడ్డాడని ఉస్తాద్ సంబరపడి బరువు పెంచే సమయానికే, వాడి ముంగాలి ఎముక అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ఇజ్రాయెల్ సైన్యం దశాబ్దాల పాటు బూట్లూ అట్టలూ మార్చి చూసింది. కవాతు దూరం తగ్గించి, రాత్రి ఆరు గంటల నిద్ర ఖాయం చేశాక పగుళ్ళు బాగా తగ్గాయి.

మన సైన్యంలో ఆరోగ్యానికి షేప్ అని గ్రేడింగ్ ఉంది. అందులో కాళ్ళూ చేతులకు ఒక అక్షరం. ఆ అక్షరం పక్కన ఒకటి ఉంటే అంతా బాగున్నట్టు. అంకె పెరిగిందంటే ప్రమోషన్, కోర్సు, ఎత్తైన చోట పోస్టింగ్ అన్నిటికీ ముడి. బయట పేషెంట్లు సెలవు కోసం నొప్పి పెంచి చెబుతారు, ఇక్కడ చాలామంది నొప్పిని దాస్తారు. కుంటుతున్నవాడు డాక్టరు గదిలోకి రాగానే నిటారుగా నడుస్తాడు. సాబ్ ముందు సెల్యూట్ చేసి "ఠీక్ హూఁ సర్" అంటాడు. అందుకే అనుభవమున్న సర్జన్ తలుపు తీసే ముందే వరండాలో వాడి నడక చూస్తాడు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవారం లాంటి ఊళ్ళలో ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. అలాంటి చోట "లో కేటగిరీ" అయి తిరిగిరావడం ఎంత నామోషీనో సర్జన్‌కు తెలియకపోతే, ఎక్స్‌రే చూడగలడేమో గానీ పేషెంటును చూడలేడు.

మోకాలు సంగతి చెబుతానన్నాను. మోకాలి కింద తెగినవాడు కృత్రిమ కాలుతో నడవడానికి మామూలు మనిషి కంటే సుమారు పాతిక శాతం ఎక్కువ శక్తి ఖర్చుపెడతాడు. మోకాలి పైన తెగితే అది 60 శాతం దాటుతుంది. ఒకడు పొలం గట్టు మీద నడుస్తాడు, ఇంకొకడు వాకిట్లో తిరగడానికే అలసిపోతాడు. అందుకే మైన్ గాయంలో అంగుళం అంగుళానికి అంత తగువు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా పుణేలో పెట్టిన ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో ఈ లెక్క రోజూ కొలుస్తారు. కోసిన చోటు కుదించుకోవాలి, సాకెట్ సరిపోవాలి, నెలల తరబడి నడక నేర్చుకోవాలి. పేలుడులో కాలు పోయినవాళ్ళలో చాలామందికి మిగిలిన కండలో కొత్తగా ఎముక పెరిగి సాకెట్‌కు గుచ్చుకుంటుంది. దాన్నీ తొందరపడి తీయరు, పెరిగి పక్వమయ్యాకే తీస్తారు.

ఎముక అంగుళాల మేర పోయినప్పుడు కాలి చుట్టూ బిగించే ఇలిజారోవ్ రింగులే గతి. సైబీరియాలోని కుర్గాన్‌లో 1950ల్లో ఇలిజారోవ్ అనే సర్జన్ రూపొందించిన పద్ధతి అది. ఎముకను మంచి చోట కోసి, రోజుకు ఒక్క మిల్లీమీటరు, అదీ నాలుగు విడతలుగా జరుపుతూ పోతే ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. త్వరపడి రెండు మిల్లీమీటర్లు జరిపితే పుట్టదు.

దెబ్బతిన్న కాళ్ళకు ఆసరా ఇచ్చే పనిలో హైదరాబాద్ కూడా ఓ చెయ్యి వేసింది. 1990ల్లో నిమ్స్ ఎముకల డాక్టరొకరు క్షిపణి ల్యాబులో అగ్ని క్షిపణి కోసం చేసిన తేలిక పదార్థాన్ని చేతిలో పట్టుకుని చూసి, అబ్దుల్ కలాంను తన వార్డుకు లాక్కెళ్ళారు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల కాలిపర్ చేసిచ్చింది. ఆ తల్లిదండ్రుల కళ్ళల్లో నీళ్ళు చూసిన సంగతి ఆయన తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

సైన్యం నేర్చుకున్నది మన రోడ్ల మీద పనికొస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,000 పైమాటే, వాళ్ళలో బైకుల మీద వెళ్ళేవాళ్ళే ఎక్కువ. తొడ ధమని తెగితే మనిషికి మిగిలేది కొన్ని నిమిషాలే. బాగ్దాద్ అమెరికా సైనిక ఆసుపత్రిలో చేసిన పరిశీలనలో, రక్తం పోయి షాక్‌లోకి జారక ముందే టూర్నికే, అంటే రక్తం ఆపే బిగుతు కట్టు, కట్టినవాళ్ళలో 90 శాతం బతికారు, జారాక కట్టినవాళ్ళలో పది శాతమే. కాబట్టి హైవే మీద ఎవరి కాలి నుంచైనా రక్తం చిమ్ముతుంటే, ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమాలి. ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, చున్నీ లాంటి వెడల్పాటి గుడ్డ చుట్టి, పుల్ల పెట్టి రక్తం ఆగేదాకా మెలిపెట్టాలి. తాడు, తీగ వాడకూడదు. నొప్పికి అరుస్తాడు, అయినా వదులు చేయకూడదు. కట్టిన టైము వాడి చేతి మీదో నుదుటి మీదో పెన్నుతో రాసి 108లో ఎక్కించాలి. సాధారణంగా రెండు గంటల్లోపు థియేటర్ చేరితే ఆ కట్టు వల్ల కాలికి ముప్పు రాదు. ఆ తర్వాత ఆసుపత్రిలో గాయాన్ని కుట్టకుండా కట్టు కట్టి ఉంచారంటే కంగారు పడి గొడవ చేయకండి. ఎందుకు తెరిచి ఉంచారో, ఎప్పుడు మూస్తారో సర్జన్‌నే అడగండి.